ఒక పోగు తక్కువ

వెంకటనర్సమ్మ వేళ్లను బూడిదలో అద్దుకుని, మగ్గం మీద మిగిలిన పాత పడుగులోని నిలువుపోగు కొసకు కొత్త పడుగు పోగును మెలిపెట్టి అతికింది. ఆ తర్వాత ఇంకొకటి. పొద్దుటి నుంచి ఇదే పని. నడుము పట్టేసింది, కళ్లు నీళ్లు కారుతున్నాయి. పక్కనే మంచంలో ఆమె భర్త సిద్దయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక ఇంటికి తీసుకుపొమ్మని మొన్ననే దవాఖాన నుంచి పంపేశారు. అప్పటి నుంచి అతను ముద్ద మింగలేదు, మగ్గంవైపు చూడనూ లేదు.

ఆ కొత్త పడుగు, మంచాన పడకముందు అతను తన చేత్తో పోసిందే. రెండు వేల ఎనిమిది వందల ఎనభై పోగులు. నారాయణపేట గళ్ల చీరకు అతను ఇంకో లెక్క ఒప్పుకునేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో, పెళ్లాంతో సరసాలాడాల్సిన వేళ, ఆ సంఖ్య గుణగణాలే వర్ణించాడు మహానుభావుడు.

"రెండుతోని సమంగ తెగుతది, మూడుతోని తెగుతది, పది దాక ఏ అంకెతోనైనా తెగుతది. ఏడొక్కటే మొండిది. పెద్ద గడి పెట్టు, చిన్న గడి పెట్టు, అంచు కాడ సగం గడి మిగలదు. గదే ఒక్క పోగు తగ్గించి చూడు. ఎన్ని భాగాలు చేసినా సమంగ రాదు. దేనికీ లొంగదు."

పోగు తగ్గితే అతనికి అన్నం సయించేది కాదు. తమ్ముడి పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నవాడు, పోగు తక్కువొచ్చిందని కబురు రాగానే లేచి ఇంటికి పరుగెత్తాడు. పంక్తంతా నవ్వింది. నర్సమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

పొద్దు వాలేసరికి ఆఖరి పోగు అతికింది. కొత్తదీ పాతదీ జత కుదిరి ఒక్కటీ మిగల్లేదు. అంతా సరిగ్గా ఉంది. సరిగ్గా ఉంటే అతను లేవాల్సిన పనే లేదు. ఆ ఆలోచన రాగానే ఆమె చెయ్యి మళ్లీ పడుగు మీదికి పోయింది.

నేతింట పుట్టిన మనిషి మంచి పోగును తుంచదు. నర్సమ్మ కులదైవం మార్కండేయుడికి దండం పెట్టుకుని, నడిమి గడిలో కొత్త ఎర్రపోగును పుటుక్కున తెంపేసింది.

"ఇగో, ఇంటున్నవా? ఒక్క పోగు తక్కువొచ్చింది. యాడ పోయిందో నాకు దొరుకుతలేదు. జర లేచి చూడు."

సిద్దయ్య కళ్లు తెరిచి ఇటు తిరిగాడు. మంచం పట్టెను వేళ్లతో పట్టుకున్నాడు. లేస్తాడు, తిడతాడు. తిట్టనీ దేవుడా, కొట్టినా సరే అనుకుంది ఆమె.

అతను మగ్గంవైపు చాలాసేపు చూశాడు.

"పోనియ్యే. ఒక్కటే గదా," అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"గట్లనకు! నేనే తెంపిన. నన్ను తిట్టు, లేచి తిట్టు," అని మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. అతని వేళ్లు పట్టె మీంచి జారాయి. దీపాలు పెట్టే వేళకు ఊపిరి ఆగిపోయింది.

ఇరుగుపొరుగు వచ్చి మంచాన్ని బయటికి మోశారు. గదిలో మగ్గం మిగిలింది. దాని పడుగు నడుమ, జత లేని పాత ఎర్రపోగు కొస ఒకటి వేలాడుతోంది.