పైడితల్లి జవాబు మీద ఎర్రగీత

నేను ఒక ఎర్ర సిరా పెన్నును. ఏదో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టి, పార్వతీపురం స్టేషనరీ షాపులో అట్టపెట్టెలో కొన్నాళ్లుండి, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే సన్యాసిరావు మాస్టారి జేబుకెక్కాను. మనుషులు తప్పులు రాయడానికి నీలం సిరా వాడతారు, అవి చూపించడానికి ఎరుపు. ఎరుపు పట్టుకున్నవారు తప్పు చేయరనుకునేదాన్ని.

మాస్టారు చెడ్డవారు కారు. ఇరవై ఆరేళ్లుగా ఒకే పాఠం చెప్పీ చెప్పీ, అందులో తనకు తెలియనిది లేదనుకున్నారు, అంతే.

అర్ధసంవత్సర పరీక్షలో ప్లేట్‌లెట్ల పని ఏమిటని అడిగారు. పైడితల్లి అనే అమ్మాయి, గాయమైనచోట రక్తం గడ్డకట్టిస్తాయని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చింది. ఒంట్లోకి వచ్చిన క్రిములను కూడా పట్టుకుంటాయి, తెల్లకణాలను సాయానికి పిలుస్తాయి అని. మాస్టారు నాతో దాన్ని కొట్టేశారు. కాగితం చిరిగేంత గట్టిగా గీశాను. అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు క్లాసులో పేపర్లు పంచుతూ దాన్ని పైకి చదివారు.

"ఇదెవరు చెప్పారమ్మా? మీ ఊరి కాంపౌండరా?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుండిపోయింది. తర్వాత ఏ ప్రశ్నకూ చెయ్యెత్తలేదు. నేను మాత్రం జేబులో దర్జాగా మెరిశాను. ఆ మెరుపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చితికిపోతాను.

నెల తిరక్కుండానే మాస్టారి తల్లికి న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రిలో రిపోర్టు చూసి ఆయన డాక్టరమ్మను అడిగారు.

"రక్తం ఎక్కడా పోలేదు కదండీ, ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గాయి?"

"ఇన్‌ఫెక్షన్ ముదిరితే చాలామందికి తగ్గుతాయండీ. గడ్డకట్టించడం ఒక్కటే వాటి పని కాదు. బాక్టీరియాకు అతుక్కుంటాయి, తెల్లకణాలను పిలుస్తాయి. ఆ పోరులో కొన్ని ఖర్చయిపోతాయి. మీరు చెప్పేది జువాలజీయే కదా, తెలిసే ఉంటుంది."

ఆయన తెలుసన్నట్టు తలూపారు. రిపోర్టు మడిచి నా పక్కనే జేబులో పెట్టుకున్నారు.

తల్లి కోలుకున్నాక, కాలేజీకి వచ్చిన మొదటిరోజే పైడితల్లిని స్టాఫ్‌రూమ్‌కు పిలిచారు.

"నువ్వు రాసింది సరైనదేనమ్మా. నీకెలా తెలిసింది?"

ఆ పిల్ల నేలచూపులు చూస్తూ చెప్పింది. "మా చెల్లికి అవి బాగా తగ్గిపోనాయండి. దెబ్బ తగలకుండా సూడ్డమే కాదు, జొరం రాకుండా కూడా సూసుకోమని డాక్టరుగారు సెప్పినారు. ఎందుకని నానే అడిగినాను. ఆయన సెప్పిందే రాసినానండి."

"ఇప్పుడెలా ఉంది?"

"అదింక లేదండి. జొరమొచ్చీసింది."

ఆయన నా మూత తీసి, ఆ పేపరు తెమ్మన్నారు, దిద్దుతానని.

"పొయ్యిలో పెట్టీసినానండి, మా అమ్మ సూస్తే ఏడుస్తాదని. మార్కులొద్దండి. మా చెల్లి సంగతి మాత్రం క్లాసులో సెప్పకండి."

మర్నాడు మాస్టారు చెల్లెలి ఊసెత్తకుండానే తన తప్పు ఒప్పుకున్నారు. ఆ వాక్యాన్ని కొట్టేసింది తన తెలియనితనమేనన్నారు. ఎవరూ నవ్వలేదు. పరీక్షలో ఇది వస్తుందా సార్ అని ఒకరడిగారు.

నా సిరా అయిపోవచ్చింది. ఇప్పుడు హాజరు పట్టీలో రానివాళ్ల పేర్ల ఎదుట సున్నాలు చుట్టడానికే నన్ను వాడుతున్నారు. పైడితల్లి పేరు పిలిచేటప్పుడు మాస్టారు తలెత్తరు.

"ప్రెజెంట్ సార్" అంటుంది ఆ పిల్ల, మామూలు గొంతుతోనే.