సాగనంపని పాట

నేను ఒక జమిడికను. పేరు వినగానే డప్పో డోలకో అనుకోకండి. నా పొట్ట ఇత్తడిది. ఒక మూతికి మేకతోలు బిగించారు, రెండోది బోలుగా వదిలేశారు. తోలు నడుమ నుంచి ఒక నరం బయటికి వస్తుంది. నన్ను చంకలో ఇరికించుకుని, ఆ నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే మనిషిలాగే నవ్వుతాను, ఏడుస్తాను. ఏడవడమే నాకు బాగా వచ్చు.

నాకు తోలు బిగించినవాడు బైండ్ల బక్కయ్య. ఊరూరా తిరిగి ఎల్లమ్మ కథ చెప్పడం ఆ ఇంటి వృత్తి. అతనికి కూతురు పుట్టినప్పుడు నన్ను వేలాడదీసిన కొయ్య కిందే చీర ఉయ్యాల కట్టారు. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. కొయ్య ఊడి నేనే పిల్ల నెత్తిన పడితే? నాదా ఇత్తడి పొట్ట, దానిదా ఇంకా మాడు కూడా గట్టిపడని తల! కాస్త గాలి వీచినా గోడను కరుచుకునేదాన్ని. పిల్ల గుక్కపెడితే బక్కయ్య నా నరం ఒక్కసారి మీటేవాడు, ఊరుకునేది. దాని పేరు కొంరవ్వ. కన్నది ఎవరైనా కానీ, పెంచింది మాత్రం నేనేనని ఇప్పటికీ నా పంతం.

బక్కయ్యకు కొడుకులు లేరు. ఈడొచ్చిన కూతురి చంకలో నన్ను పెట్టినప్పుడు కులపోళ్లు ఊరుకోలేదు.

"ఆడివిల్లకు జమిడికిస్తవా బక్కన్నా? రేపు మీసాలు గూడ పెడ్తవా?"

"గొంతుకు మీసాలుంటయారా?" అన్నాడు బక్కయ్య.

ఎల్లమ్మ వేషానికి మగవాళ్లు చీర కట్టుకోవడం వాళ్లకు ఎన్నడూ వింతగా తోచలేదు. ఆడపిల్ల పాడితేనే తోచింది.

కొంరవ్వ గొంతు సన్నం కాదు, తీపి కాదు. కాస్త గరుకు. ఎల్లమ్మ అడవిలో ఒంటరిగా నడిచే ఘట్టం పాడుతుంటే ఆడా మగా కొంగులూ కండువాలూ తడుపుకునేవారు. అంత ఏడ్చినవాళ్లే కథ అయ్యాక లేచి, ఆమెకు వాకిట్లోనే విస్తరి వేసేవారు. ఆమె తినేది. గొంతుకు ఏదైనా అడ్డం పడుతుందేమోనని నేను చూస్తూ కూర్చునేదాన్ని.

మా కథకు ఒక కట్టుబాటు ఉంది. మొదట ఎల్లమ్మను పిలుస్తాం. పిలిచిన తల్లిని చివర సాగనంపాలి. నడుమ ఆపితే వచ్చిన తల్లి తిరిగి పోయే తోవ లేక ఆ వాకిట్లోనే నిలబడిపోతుందని మా నమ్మకం. ఒక ఊళ్లో వాన కుమ్మరిస్తే జనమంతా ఇళ్లలో దూరారు. చూరు కింద ముడుచుకున్న కుక్క ఒక్కటే మిగిలింది. కొంరవ్వ ఆ కుక్కకే కథంతా చెప్పి తల్లిని సాగనంపింది. నా తోలు నానిపోతున్నా నాకు పట్టలేదు. పిల్లకు జ్వరం వస్తుందేమోనన్నదే నా ఏడుపు.

ఒకసారి పట్నం నుంచి ఒకతను వచ్చి, పాటంతా విని, తెగ మెచ్చుకుని వెళ్లాడు. మరుసటి ఏడు బస్టాండు హోటల్లో క్యాసెట్టు మోగుతోంది. పాట కొంరవ్వది, గొంతు అతనిది.

"ఎంత పానం బెట్టి పాడిండో సూడవ్వా!" అన్నాడు హోటలాయన.

"అవు, మంచిగనే పాడిండు," అని కొంరవ్వ చాయ్ ఊదుకుంది. చంకలో ఉన్నదాన్ని కాబట్టి గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు.

తర్వాత పండుగలకు డీజే బండ్లు వచ్చాయి. నేను కొయ్యకు ఎక్కాను, ఆమె బీడీల చాట ముందు కూర్చుంది. కొన్నేళ్లకు గొంతు బొంగురుపోయింది. పొగాకు ఘాటన్నారంతా. నేను మాత్రం చెడే ఊహించాను. బతుకంతా ఉత్తుత్తి భయాలు పడ్డదాన్ని, ఈ ఒక్కటి నిజమైంది. గొంతులో గడ్డ. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట దక్కదన్నారు డాక్టర్లు.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు కొంరవ్వ కూతురు స్వరూప ఆమెను పట్నంలో ఒక మ్యూజియానికి తీసుకెళ్లింది. పాత వాయిద్యాలు సేకరిస్తూ, వాటి పాటలు కూడా రికార్డు చేస్తున్నారట. అమ్మను అవ్వ అనే పిలుస్తుంది స్వరూప. ఆ అవ్వ గొంతు ఎక్కడో ఒకచోట మిగలాలని ఆమె ఆశ.

రికార్డింగ్ గదిలో ఏసీ చలికి నా తోలు సడలిపోయింది. ఊళ్లో అయితే మంట దగ్గర కాచేవారు. అక్కడ మంటెక్కడిది? కొంరవ్వ నన్ను కొంగులో చుట్టి కడుపుకు హత్తుకుంది. ఉయ్యాలలో చూసిన పిల్ల వేడితో నా తోలు బిగిసింది. ఇక ఆమె పాట ఎత్తుకుంది.

"దిగి రావె ఎల్లమ్మ, దివ్వె సూపుతనమ్మ..."

గరుకు గొంతు మరింత గరుకైంది. అంత గొప్పగా ఆమె ఎన్నడూ పాడలేదు. పిలుపు అయిందో లేదో రికార్డింగు ఎర్రదీపం ఆరింది.

"చాలమ్మా, చాలా బాగా వచ్చింది. మాకు ఇంతే కావాలి," అన్నాడు రికార్డు చేసే సారు.

"గట్లెట్ల సారూ? తల్లిని పిల్చిన. సాగనంపాలె గద!"

"మిగతాది మనసులో అనుకోండమ్మా. బయట ఇంకో బృందం కాచుక్కూచుంది."

కొంరవ్వ బయటికి వచ్చి వరండాలో గోడవారన నిలబడి మిగతా కథ ఎత్తుకుంది. అక్కడ యంత్రం లేదు.

"అవ్వా, గొంతు పల్గుతది! ఇగ ఆపవే!" స్వరూప ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆపలేదు. నేను నా నరమంతా బిగబట్టి తోడు పలికాను. అడవి ఘట్టం దగ్గర ఆమె నోరు తెరిచే ఉంది, గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. ఊపిరి వచ్చింది, పాట రాలేదు. నా ఊపిరి ఇద్దామంటే నాకున్నది ఒక్క నరమే. సాగనంపు అలాగే మిగిలిపోయింది. వెళ్లేముందు ఆమె నన్ను మ్యూజియంవాళ్లకే ఇచ్చేసి, అక్కడి బల్లమీద పెట్టింది.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో ఉన్నాను. 'జమిడిక, తోలు వాయిద్యం' అని చీటీ పెట్టారు. కొంరవ్వ పేరు లేదు. పక్కన ఒక మీట ఉంది. బడిపిల్లలు వచ్చి నొక్కుతారు. కొంరవ్వ తల్లిని పిలుస్తుంది. అంతలోనే తెగిపోతుంది. పిల్లలు నవ్వుకుంటూ పక్క పెట్టె దగ్గరికి పరుగెడతారు. వచ్చిన తల్లి ఎక్కడ నిలబడాలో, ఎన్నిసార్లు నిలబడాలో తెలియక నేను లోలోపలే వణుకుతాను.

ఒకరోజు మెడకు తువ్వాల చుట్టుకుని కొంరవ్వ వచ్చింది. సగమైపోయింది. స్వరూప మీట నొక్కింది. తన గొంతు తానే విని కొంరవ్వ కళ్లు మూసుకుంది. పాట తెగింది. ఆమె పెదాలు ఆగలేదు. ఖాళీ చంక బిగించి, లేని నరం మీటుతూ అడవి దాటుతోంది.

"అవ్వా, అయిపోయింది. జరుగు, ఎనకోళ్లు సూడాలె," అన్నాడు కావలివాడు.

"అయిపోలే అన్నా," అంది స్వరూప.

ఏమనుకున్నాడో, అతను వెనకున్నవాళ్లను పక్కకు పంపాడు. కొంరవ్వ చప్పుడు లేకుండా కథంతా నడిచి, చివర అద్దానికి నుదురు ఆనించి తల్లిని సాగనంపింది. ఆ తర్వాత ఆమె మళ్లీ రాలేదు. ఉందో లేదో అడిగేందుకు నాకు నోరు లేదు. చెడే ఊహించడం నా అలవాటు.

మీరెప్పుడైనా ఇటు వస్తే ఆ మీట నొక్కుతారు. నొక్కకుండా ఉండలేరు, మనుషులు కదా. పాట తెగాక మాత్రం వెంటనే వెళ్లిపోకండి. కాసేపు నిలబడండి. మిగతాది మీకు రాదని నాకు తెలుసు. ఊరికే నిలబడండి, తల్లి ఒంటరిగా ఉండకుండా.