ఆకుపచ్చ చుక్క

చిన్నల్లుడి షెడ్డులో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చట, అత్తగారి మాట అది, పోయిన వారం భోజనాల దగ్గర అందరూ వినేలా అంది, వినాల్సినవాడు విన్నాడా లేదా అని ఓరకంట చూసి మరీ అంది, తినండి మరి, ఎవరొద్దన్నారు, కంచాలు కూడా అక్కడికే పట్టుకెళ్లండి, అనుకుంటూ పెద్దల్లుడు జాకీని ఇంకో నాలుగుసార్లు తిప్పాడు, ముసలి కారు మూలుగుతూ లేచింది, ముందు కుడి చక్రం నేల వదిలింది, తోడల్లుడికైతే మీట నొక్కితే కారుకు కారే పైకి లేస్తుంది, దొరలాగా కింద నిలబడి పని చేసుకుంటాడు, తనకు మాత్రం యాభై దగ్గర పడుతున్నా ఈ అట్టముక్క మీద వెల్లకిలా పడుకునే యోగమే, ఇద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారు, ఒకే ఇంటి అమ్మాయిల్ని చేసుకున్నారు, ముందు నేర్చుకున్నదీ తనే, ముందు చేసుకున్నదీ తనే, వాణ్ణి ఆ మేస్త్రీ దగ్గర చేర్పించిందీ తనే, ఇప్పుడు ఎవరి పేరెత్తితే ఆ ఇంట్లో మొహాలు వెలిగిపోతున్నాయో చూడు.

మామగారు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని పేపరు తిరగేస్తున్నారు, ఎల్లుండి ఆయనా అత్తగారూ ఈ కారులోనే కొండదారి దిగి వెళ్లాలి, బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోందని నిన్న చిన్నవాడికి చూపించారట, వాడు చక్రం వెనక్కి వంగి చూశాడట, లేచి చేతులు తుడుచుకున్నాడట, ఇది అన్నయ్య చేతి మీదే జరగాలి మామయ్యగారూ, ఆయన దగ్గరికే తీసుకెళ్దాం అన్నాడట, అని పొద్దున ఆయన చెబుతుంటే పెద్దల్లుడికి ఒళ్లు మండిపోయింది, అవును మరి, నిగనిగలాడే కొత్త బళ్లు వాడికి, తుప్పు పట్టిన ముసలిది తనకు, పైగా వాడే కారు నత్తలా నడిపి తెచ్చి గేటు బయట వదిలి, లోపలికైనా రాకుండా వెళ్లిపోయాడు, కాస్త మంచినీళ్లు తాగి వెళ్తే ఆ చొక్కా మాసిపోతుందా.

వెనక చక్రాల బ్రేకు గొట్టాలు వంచి చూస్తే సన్నటి పగుళ్లు, పాతబడిన రబ్బరు, అనుకున్నదే, రెండూ అప్పటికే మార్చేశాడు, ముందు ఎడమదీ అంతే, మార్చాడు, ఇక ఈ కుడిది, ఇది మిగతావాటిలా పాతది కాదు, రెండేళ్ల కిందటిదై ఉంటుంది, పగుళ్లు లేవు, కానీ గొట్టం పొడవునా తిన్నగా ఉండాల్సిన పసుపు గీత చుట్టలు తిరిగి ఉంది, అంటే బిగించేటప్పుడు నట్టుతో పాటు గొట్టం కూడా తిరిగిపోయింది, మెలిపడి లోపల దారి ఇరుకైపోయింది, చక్రం తిప్పినప్పుడల్లా టైరుకు రాసుకుని ఒకచోట లోపలి దారాలు బయటపడ్డాయి, ఎల్లుండి కొండ మీద ఇది తెగితే, అమ్మో, అనుకున్నాడు, అనుకున్న మరుక్షణమే ఇంకో ఆలోచన తీయగా పాకింది, రెండేళ్లుగా ఈ కారు ఎవరి దగ్గరికి వెళ్తోంది, దొరికాడు, ఇన్నాళ్లకు దొరికాడు.

గొట్టం ఊడదీయకముందే మామగారిని పిలిచి చూపించాలి, వద్దు, ముందు అత్తగారికి ఫోన్ చేయించాలి, నేల మీద అన్నం తినొచ్చన్నారే, ఇదిగో చూడండి ఆ చేతి పని అనాలి, గట్టిగా అనకూడదు, బాధగా అనాలి, పాపం చిన్నవాడు, తొందరపడ్డాడేమో అనాలి, సాక్ష్యం కూడా నట్టు మీదే ఉంటుంది, మేస్త్రీ పెట్టిన పద్ధతి, ఎవరు బిగించిన నట్టు మీద వాళ్ల రంగు చుక్క పెట్టాల్సిందే, చిన్నవాడిది ఎరుపు, తనది ఆకుపచ్చ, ఆ ముసలాయన పోయి ఇన్నేళ్లయినా ఇద్దరూ మానలేదు, కిరోసిన్ తగిలితే రబ్బరు పాడవుతుందని పొడిగుడ్డే తీసుకుని నట్టు మీది మడ్డిని తుడిచాడు, ఎరుపు కోసం ఇంకాస్త తుడిచాడు.

ఆకుపచ్చ.

మళ్లీ తుడిచాడు, వెలుతురు దగ్గరికి లాక్కుని చూశాడు, ఆకుపచ్చే, అప్పుడు గుర్తొచ్చింది, చిన్నవాడి షెడ్డు తెరిచిన రోజు, ఇదే కారు ఇదే చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ కారుతుంటే గొట్టం మార్చమని మామగారు హడావిడిగా తెచ్చారు, వెనక సీట్లో అత్తగారు, కానివ్వు నాయనా, అక్కడ వాడు మనకోసం ఎదురు చూస్తుంటాడు అని నిమిషానికోసారి, ఆ మాట విన్నప్పుడల్లా స్పానర్ మీద కసి తీర్చుకున్నాడు, గీత తిన్నగా ఉందో లేదో చూడలేదు, చుక్క మాత్రం పెట్టాడు, ఆ తర్వాత ఈ కారు మళ్లీ తన గుమ్మం తొక్కలేదు.

ఏం తేలింది నాయనా, అని స్టూలు మీంచి మామగారు అడిగారు, గొట్టం మెలిపడింది మామయ్యగారూ, అప్పుడు నేను బిగించిందే, నా తప్పే, అన్నాడు, ఆ ముక్క నోట్లోంచి ఊడిపడేసరికి ప్రాణం పోయినట్టయింది, అలాగా, మరి నిన్న వాడు ఆ సంగతే అనలేదే, వంగి అంతసేపు చూశాడు కూడానూ, అంటూ ఆయన మళ్లీ పేపర్లో తల దూర్చారు.

అంతసేపు చూశాడు, వాడి వేలి ముద్ర కూడా ఆ మడ్డిలో ఉండే ఉంటుంది, చుక్క చూశాడు, ఎవరిదో తెలుసుకున్నాడు, మళ్లీ మడ్డి పూసేశాడు, చేతులు తుడుచుకున్నాడు, ఎక్కడ తెగుతుందోనని నత్తలా నడిపి తెచ్చాడు, ఎదురుపడితే తన మొహం చిన్నబోతుందని లోపలికి రాలేదు, ఇన్నాళ్లూ వాడి షెడ్డును చూసి ఏడ్చాడు, వాడి మీటను చూసి ఏడ్చాడు, అత్తగారి నోట్లో వాడి పేరు విని ఏడ్చాడు, అవన్నీ దీని ముందు ఏపాటివి, అనుకుంటూ కొత్త గొట్టాన్ని రెండు వేళ్లతో తిన్నగా పట్టుకుని, పసుపు గీత కదలకుండా కనిపెట్టుకుంటూ నట్టు బిగించాడు, బిగించి చుక్క పెట్టాడు, పెట్టి ఆ పచ్చి రంగు ఆరేదాకా దాన్నే చూస్తూ పడుకున్నాడు, అదే ఎర్ర చుక్క అయ్యుంటే తను నోరు మూసుకుని ఉండేవాడు కాదు.