డెల్మార్ ముక్కు

తెల్ల ట్యాంకు పక్కన బిగించిన డబ్బాలోంచి నిన్నటి నీళ్ళు పారబోసి, డెల్మార్ కొత్త నీళ్ళు పట్టాడు. అమ్మోనియా ఒంటిమీద పడితే కడుక్కోవడానికి ఆ నీళ్ళే దిక్కు. అవసరం వచ్చినా రాకపోయినా రోజూ మార్చాలి. అమెరికాలో, మా అయోవాలో ఏప్రిల్ అంటే మొక్కజొన్న విత్తే ముందు నేలకు ఎరువుగా అమ్మోనియా వాయువు పట్టించే కాలం. ఎరువుల దుకాణం వెనక ఆవరణలో ట్యాంకులు చక్రాల మీద బారులు తీరి ఉన్నాయి.

పొడుగాటి మనిషి. వంగిన వీపు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, మెడ మీద ఎప్పటిదో కాలిన మచ్చ. పెళ్ళి లేదు. చర్చిలో చివరి బెంచీ, మధ్యాహ్నం హామ్ శాండ్‌విచ్, మిగిలినదంతా ఈ ఆవరణే. అతని గురించి చెప్పుకోవడానికి మా ఊళ్ళో ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఉన్న ఒక్కటీ ఎవరికీ తెలియదు. అతనికి వాసన పోయింది.

రెండు చలికాలాల కిందట జలుబు చేసింది. పోతూ పోతూ అది వాసననూ పట్టుకుపోయింది. ఈ పనిలో ముక్కే కాపలా. కళ్ళూ గొంతూ మండేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. చెబితే పనిలోంచి తీసేస్తారు, తీసేస్తే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలియదు. అందుకని ఎదుటివాళ్ళ మొహాలు చూసి వాసన పట్టడం నేర్చుకున్నాడు. ఎవరైనా ముక్కు చిట్లిస్తే చాలు, పరుగున వెళ్ళి వాల్వు బిగించేవాడు. "నీది కుక్క ముక్కురా" అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు వింటే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

పొలానికి ట్యాంకు తీసుకెళ్ళడానికి ఫోల్కర్ట్ ఉబెన్ ట్రక్కు వెనక్కి తెచ్చి ఆపాడు. చిన్నప్పుడు బళ్ళో ఇద్దరిదీ ఒకే బెంచీ.

"ఏరా, ఇంకా బతికే ఉన్నావా?"

"ఏం చేస్తాం, నీలాంటివాళ్ళను భరించాలిగా."

డెల్మార్ ట్యాంకును ట్రక్కుకు తగిలిస్తుంటే ఫోల్కర్ట్ వాల్వు మీదికి వంగి, చటుక్కున ఆగిపోయాడు. డెల్మార్ అదే వాల్వు పక్కన తాపీగా కొక్కెం సరిచేస్తున్నాడు. పంట పండించేది గనక అమ్మోనియా వాసనను డబ్బు వాసన అనడం మావాళ్ళకు పాత హాస్యం. ఫోల్కర్ట్ మొహంలో ఏ కదలికా రానివ్వకుండా అడిగాడు.

"ఇవాళ డబ్బు వాసన లేదేంట్రా?"

డెల్మార్ ఆ మొహం చూశాడు. మామూలుగానే ఉంది. గట్టిగా ఓసారి ఎగపీల్చి, "ఎందుకుంటుందిరా, నేను బిగించాక" అన్నాడు.

ఫోల్కర్ట్ వాల్వు వంక ఓసారి చూసి, ట్రక్కు తలుపు తీశాడు.

"సరేలే. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. ఊరికే సాకులు చెప్పకు" అని ట్రక్కెక్కాడు.

మావాళ్ళు మంచు తుఫానులో మైళ్ళు నడిచొచ్చి మీ కారు తవ్వి తీస్తారు. నీలో ఫలానా లోపముంది అని మాత్రం మొహం మీద అనలేరు. దాన్ని మర్యాద అంటారు. ఆ మర్యాదంటే నాకు ఒళ్ళు మంట.

మధ్యాహ్నం అగ్నిమాపక బండి కూత ఉత్తరం వైపు సాగిపోయింది. దుకాణం చూసుకునే జోలీన్ ఆఫీసులోంచి బయటికొచ్చి ట్యాంకుల మధ్య నిలబడింది.

"డెల్మార్... ఫోల్కర్ట్ గారి పొలంలో అమ్మోనియా ఎగదన్నిందట."

"బతికున్నాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం ట్యాంకు తేవడానికి డెల్మారే వెళ్ళాడు. పొలం గట్టున ఫోల్కర్ట్ భార్య లావాన్ ఒక్కతే నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"నీకు వాసన తెలీదట కదా" అంది.

డెల్మార్ తొడుగులు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"వచ్చేదారిలో ఫోన్ చేశాడు. వాల్వు కారుతోంది, పాపం వాడికి తెలీట్లేదు, మొహం మీద ఎలా అంటాను, పొలంలో నేనే బిగించుకుంటాలే అన్నాడు. జోలీన్ చెవిన పడితే నీ పని పోతుందని నన్ను కూడా ఎవరితోనూ అనొద్దన్నాడు."

"నేనే చంపాను, లావాన్."

ఎవరైనా అలా అంటే, అయ్యో అదేం మాట అనడం మావాళ్ళ అలవాటు. ఆమె అనలేదు. వెనుదిరిగి ఇంటివైపు నడిచింది.

డెల్మార్ ఖాళీ ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. రేపు జోలీన్‌కు అంతా చెప్పేస్తాడు. ఇప్పుడు చెప్పడం ఎంత తేలిక! ట్యాంకు చుట్టూ గడ్డి మాడిపోయి ఉంది. వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఏమీ లేదు. మొక్కజొన్న మోళ్ళ మధ్య మట్టిలో, ఊడిన వాల్వు నట్టును పళ్ళతో పట్టుకునే పడి ఉంది ఫోల్కర్ట్ రెంచి, ఎక్కడ పడినా కనపడాలని లావాన్ పిడికి చుట్టిన ఎర్ర టేపుతో.