అలకు కదలని మీట

పన్నెండేళ్లుగా బంగార్రాజు పోత నడుస్తుండగా వేడి టీ తాగి ఎరగడు. తాడేపల్లిగూడెం శివారు ఉక్కు ఫ్యాక్టరీలో ఆ సేపంతా అతని చెయ్యి మీట మీదే ఉండాలి. మీట ఎత్తితే పైతొట్టిలో కరిగిన ఉక్కు కింది రాగి అచ్చులోకి దిగుతుంది, దించితే ఆగుతుంది. అచ్చులో మట్టం మరీ పెరిగితే ఉక్కు పొర్లుతుంది. మరీ తగ్గితే పోత చెడుతుంది. ఆ వెలుగు చూసీ చూసీ కళ్లు దెబ్బతిన్నాయి. మంట ముందు నుంచి లేవకపోతే చూపు దక్కదని ఏలూరు డాక్టరు చెప్పేశాడు.

అందుకే, మీటను తనంతట తనే కదిపే మిషను వచ్చిందంటే అందరికన్నా సంబరపడింది అతనే. అది పనిచేస్తే అతని డ్యూటీ మంటకి దూరంగా అద్దాల గదిలోకి మారుతుంది.

“మీ పని లాక్కునే మిషనుకి మీరే హారతి పడతన్నారేంటి బాబాయ్!” అంది క్యాంటీన్ గంగాభవాని.

“పని లాక్కుంటే లాక్కోనీవే, కళ్లు మిగులుతాయి.”

కానీ మొదటి రెండు ట్రయల్సూ పాడయ్యాయి. ఈ మూడోదీ పోతే మిషను వెనక్కే. ఇవాళా మీట గజగజలాడింది, అచ్చులో ఉక్కు ఉయ్యాలూగింది. బంగార్రాజు స్విచ్ మార్చి మీట చేతిలోకి తీసుకున్నాడు. రెండు నిమిషాల్లో మట్టం కుదుటపడింది.

“ఏం చేశారండీ?” ఇంజనీరు స్నేహలత పరుగున వచ్చింది.

“అలకి మీట కదపకూడదు మేడం!”

ఆ రొదలో ఆమెకి సగమే వినబడింది. “అలకా? ఎవరిమీదండీ?”

బంగార్రాజు పకపకా నవ్వాడు. “అలక కాదండీ, అల! మాది కలిదిండండి. మా నాన్న చేపల చెరువు తూము కాసేవోరు. గాలికి అల లేచినప్పుడల్లా తూము పలక ఎత్తేవోరు కాదు. గట్టుమీద కూచుని పది అలలు పోనిచ్చి, మట్టం నిజంగా మారితేనే లేచేవోరు. మీ మిషను ప్రతి అలకీ ఉలిక్కిపడతందండి.”

స్నేహలత వెంటనే లాప్‌టాప్ ముందు కూర్చుని, చిన్న చిన్న కదలికల్ని పట్టించుకోకుండా కాసేపటి సగటు చూసుకునేలా మిషనుకి నేర్పింది.

“పది అలలు పోనిస్తుందండి. ఇక వదిలేయండి.”

వదిలాడు. మీట ఒకసారి తుళ్లి, నిద్రపోయే బిడ్డ గుండెలా మెల్లగా కదలసాగింది. అచ్చులో ఉక్కు గీత గీసినట్టు నిలిచింది. పావుగంట గడిచినా అతని అరచెయ్యి మీటకి జానెడు పైనే ఉండిపోయింది.

“టీ అక్కడ పెట్టనా బాబాయ్, చల్లారాక తాగుదురు?” గ్లాసుతో వచ్చిన గంగాభవాని అడిగింది.

“ఇలా తే.”

ఒక్క గుక్కకే నాలుక చుర్రుమంది.

“ఓలమ్మో! ఇంత వేడిది ఎలా తాగుతారే జనం?” అంటూనే రెండో గుక్క వేశాడు.