ముప్పై ఏడో వాగ్దానం

జనవరి ఒకటిన పొద్దున్నే, ప్రార్థన అయ్యాక, ఆ ఊరి చర్చిలో ప్రతివాళ్ళూ రేకు డబ్బాలో చెయ్యిపెట్టి బైబిల్ వాక్యం రాసిన ఒక వాగ్దానం కార్డు తీస్తారు. అది చదివించుకుని మళ్ళీ డబ్బాలో వేస్తారు. ఏడాది పొడుగునా ఆ మాటే దిక్కు. వంద కార్డుల్లో తొంభై తొమ్మిదింటి మీద ఏదో ఒక మేలు రాసి ఉంటుంది. ముప్పై ఏడో దాని మీద ఓపికపట్టమని ఉంటుంది.

మూడేళ్ళుగా ఆ ముప్పై ఏడు జయకుమారికే వస్తోంది. ఆమె కౌలుకు చేసే మిరపతోట రెండేళ్ళు తామరపురుగు పాలైంది, మూడో ఏడు కాపుంటే రేటు లేదు. ఈసారీ అదే కార్డొస్తే తోట వదిలేసి చీమకుర్తి రాళ్ళపనికి పోతానంది. పాస్టర్ జయరావు గారి కూతురు షారోన్‌కి మాత్రం పోయినేడు పెళ్ళి కార్డొచ్చింది, ఈస్టర్ లోపు పెళ్ళయింది.

"డబ్బా అయ్యగారిది, చెయ్యి అయ్యగారి కూతురిది. ఇంకేం కావాలి," అన్నారు సంఘపెద్ద ప్రకాష్ గారు. మళ్ళీ ఇలాగే జరిగితే సగం ఊరిని తీసుకెళ్ళి వేరే మందిరం కట్టుకుంటానన్నారు.

ఆ మాట జయరావు గారికి ముల్లులా దిగింది. నిజానికి ఆ ముప్పై ఏడుని తీసి పారేద్దామని ఆయనకు ఏటా అనిపించేది. తీస్తే ప్రకాష్ గారన్నదే నిజమవుతుందని తీయలేదు. అందుకే ఈసారి కార్డు అంకెను కంప్యూటరే చెబుతుందని ప్రకటించి, గుంటూరు కాలేజీలో పాఠాలు చెప్పే ప్రసన్నకుమార్‌కి ఆ పని అప్పగించారు.

ఏదో ఒక అంకె తీసిచ్చే ఫంక్షన్ కంప్యూటర్లో తయారుగానే ఉంటుంది. ప్రసన్నకుమార్ దాన్ని ముట్టుకోలేదు. లెక్కల ఫంక్షన్లు చేసే పనంతా, అడిగినదానికి మనిషిలా మాటల్లో జవాబిచ్చే లాంగ్వేజ్ మోడల్ చేత చేయించడం అతని సరదా. రెండున్నరను దగ్గరి పూర్ణసంఖ్య చేయమంటే అది మూడు అంది, అదేమిటంటే క్షమాపణ చెప్పి రెండు అంది. ఆ మర్యాదకే పడిపోయాడు. వెన్న చేతబట్టుకుని నేతికి ఊరంతా తిరగడమంటే ఇదే.

జనవరి ఒకటిన కంప్యూటర్ దగ్గర అందరికంటే ముందు ప్రకాష్ గారు నిలబడ్డారు. ముప్పై ఏడు. జయరావు గారు కార్డు వెతికి చదివారు. ప్రకాష్ గారి భార్యకి ముప్పై ఏడు. షారోన్‌కి ముప్పై ఏడు.

"ఏందిరా ఇది?" అన్నారు ప్రకాష్ గారు.

"మనిషిని వందలోపు ఏదో ఒక అంకె అనుకోమంటే ఎక్కువగా ముప్పై ఏడే అంటాడు కదండీ. ఇదీ మనుషుల రాతలు చదివే నేర్చుకుంది," అన్నాడు ప్రసన్నకుమార్, నుదురు తుడుచుకుంటూ.

"ఏడాదంతా ఓపికపడతా కూర్చుంటే ఎట్టా? పత్తి అమ్ముకోవద్దా?"

"అలవాటవుద్దిలే అన్నయ్యా," అంది వెనక వరసలోంచి జయకుమారి. ఎగతాళిగా అనలేదు. మూడేళ్ళు పట్టిన మనిషి, ధైర్యం చెబుతోంది.

ప్రకాష్ గారు వెనక్కి తిరిగి ఆమె వంక చూశారు.

"ఆ మిషను కట్టేయండి అయ్యగారూ. డబ్బా తేండి. ముందు ఆమెని తియ్యనీండి."

డబ్బా వచ్చింది. ముప్పై ఏడో కార్డు ఇంకా జయరావు గారి చేతిలోనే ఉంది. పద్ధతి ప్రకారం దాన్ని డబ్బాలో వెయ్యాలి. ఆయన అందరూ చూస్తుండగా దాన్ని జేబులో పెట్టుకున్నారు.

ప్రకాష్ గారు తలెత్తి, తిరగని ఫ్యాన్ వంక శ్రద్ధగా చూస్తున్నారు. జయకుమారి డబ్బాలో చెయ్యి పెట్టింది.