తోడేశాను

ఉన్నన్నాళ్ళూ విలువ తెలియదని లోకం ఒక మాట అనేసి ఊరుకుంటుంది. జన్యుశాస్త్రం వాళ్ళు ఊరుకోలేదు, ఆ మాట మీద ఏకంగా ఉద్యోగాలే చేస్తున్నారు. ఒక జన్యువు ఏం పని చేస్తుందో తెలియాలంటే దాన్ని కణంలోంచి తీసేస్తారు. తీసేశాక ఏది చెడితే అదే దాని పని.

మేడం తొమ్మిదేళ్ళుగా ఒకే ఒక్క జన్యువును పట్టుకు కూర్చుంది. ప్రయోగశాలలో అందరికీ ఆమె మేడం, ఇంటి దగ్గర మాత్రం డాక్టరమ్మ. ఎదురింటావిడ రెండుసార్లు దగ్గుకు మందు అడిగింది. "నేను ఆ డాక్టర్ని కాదండీ" అని మేడం రెండుసార్లూ తలుపు వేసుకుంది.

అక్క పోయి ఏడాదిన్నర. ఇద్దరూ పెళ్ళి మాట ఎత్తకుండా ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్ళు గడిపారు. అక్క వంట చేసేది, పేపరు పైకి చదివేది, తీరిక దొరికితే చెల్లెలి పరిశోధనను వెక్కిరించేది. "కూరలో ఉప్పు మర్చిపోతే ఉప్పు పనేమిటో తెలిసిపోతుంది. దానికి ఇన్నేళ్ళెందుకే నీకు?" అక్క పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ మేడం ఒకటే చెప్పింది. "నాకేం, బాగానే ఉన్నాను." అది పచ్చి అబద్ధం. పగలంతా ఎలాగో గడిచేది గానీ, సాయంత్రం తాళం తీసి ఆ చీకటి వంటింట్లో లైటు వేయడమంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చేది.

ఇక ఆమె పని సంగతి. కణాలు గుంపులో ఉంటేనే పెరుగుతాయి. పెరగమని ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. గ్రోత్ ఫ్యాక్టర్లంటే ఆ కబుర్లే. ఒక్క కణాన్ని విడదీసి కొత్త ద్రవంలో వేస్తే మూడో నాటికి చస్తుంది. కానీ మేడం తను పట్టుకున్న ఆ జన్యువును తీసేసిన కణాల్లో కొన్ని చావలేదు. తొంభై ఆరు గుంటల పళ్ళెంలో గుంటకొక కణం వేస్తే, పదకొండు గుంటల్లో ఒకటి రెండై, రెండు నాలుగై, చిన్న గుంపులు కట్టాయి. అంటే ఆ జన్యువు కాపలాదారు లాంటిది, కబురు రానిదే పెరగనివ్వదు. దాన్ని తీసేస్తే కణానికి ఇంకెవరూ అక్కర్లేదు. ఆ చివరి వాక్యం వ్యాసంలో రాసిన రోజున మేడం చాలాకాలానికి కడుపునిండా తింది.

వ్యాసం పత్రికకు వెళ్ళింది. అక్కడివాళ్ళు మెచ్చుకుని, ఇంకొక్కసారి చేసి చూపిస్తే అచ్చు వేస్తామన్నారు. అదెంత పని, అనుకుంది మేడం.

కణాలకు తిండి కలిపేదీ పోసేదీ ఒక పెద్దాయన. అందరూ వంటాయన అంటారు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్నా చెయ్యి వణకదు. అందుకని జన్యువు తీసేసిన పళ్ళెం ఆయనకు అప్పగించి, పోల్చుకోవడానికి పెట్టిన మామూలు కణాల పళ్ళెం మేడం చూసుకునేది. ఈసారి ఆయన కూతురి కాన్పుకని మూడు వారాలు సెలవు పెట్టాడు. రెండు పళ్ళేలూ మేడం చేతికే వచ్చాయి.

మూడో నాటికి రెండు పళ్ళేలలోనూ అన్నీ చచ్చాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ చచ్చాయి. మైక్రోస్కోపు కింద గుంట తరవాత గుంట, ముడుచుకుపోయిన చుక్కలే. వంటాయన నోటుపుస్తకం తీసి వేలు పెట్టి చదివింది. "రెండో రోజు. అన్ని గుంటలకూ తోడేశాను." తనూ అదే చేసింది కదా. పాత ద్రవం తోడేసింది, కొత్తది పోసింది. ఎక్కడ తప్పిందో అంతు చిక్కలేదు.

సోమవారం పొద్దున వంటాయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. మనవరాలట. మేడం శుభాకాంక్షలు చెప్పి, ఆగలేక అడిగేసింది.

"ఒక్కటీ బతకలేదండీ. మీరు ఎంత తోడేవారు?"

"తోడటమేంటమ్మా?"

"రాశారుగా, తోడేశానని."

"అయ్యో, ఆ తోడటం కాదు. పాలకు వేస్తామే, ఆ తోడు. కణాలు కిక్కిరిసిన పళ్ళెంలోంచి పాత ద్రవం తీసి తలా ఒక చుక్క వేశాను. మా పాత సారు నేర్పాడు. ఒంటి కణం కొత్త నీళ్ళలో బతకదమ్మా, పదిమంది ఉన్న నీళ్ళు కాస్త తగలాలి. అయినా అంత పళ్ళెంలో ఒక్కోటీ అలా బిక్కుబిక్కుమంటూ ఉంటే జాలేసింది." ఆయన ఆగి, మేడం మొహం చూశాడు. "మీకు తెలుసనుకున్నానే. దాచలేదమ్మా, పుస్తకంలో రాశాను కదా."

రాశాడు. దాచలేదు. మేడం కోప్పడదామనుకుంది గానీ కోపం రాలేదు. రోజూ సాయంత్రం అక్క వంటింట్లోంచి అరిచేది, "పాలు తోడేశానే, గిన్నె కదపకు" అని. ఇరవై రెండేళ్ళు విన్న మాట. ఏడాదిన్నర చెవిన పడకపోయేసరికి దానికి ఆ అర్థం ఒకటుందనే మర్చిపోయింది.

"ఇప్పుడేం చేద్దామమ్మా? మళ్ళీ నేనే వేస్తాను. బతుకుతాయి."

నిజమే, బతుకుతాయి. పత్రికవాళ్ళు గుంటల ఫొటోలు చూస్తారు గానీ చుక్కల్ని చూడరు. తొమ్మిదేళ్ళ చాకిరీ గట్టెక్కుతుంది. మేడం ఆశపడలేదంటే అబద్ధం. కణాలుంచే పెట్టె అద్దాల తలుపు వైపు చూస్తూ రెండు నిమిషాలు ఆశపడింది.

"వద్దండీ. తప్పు మీది కాదు. రెండు పళ్ళేలు రెండు చేతుల్లో పెట్టింది నేను."

భోజనాల వేళకు ఉత్తరం రాసేసింది. మా కణాలు ఒంటరిగా పెరగలేదు, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం. పంపేశాక వంటాయన తెచ్చిన మిఠాయి ఒకటి నోట్లో వేసుకుంది. బాగుంది.

సాయంత్రం దారిలో పాలప్యాకెట్ కొంది. వంటింట్లో లైటు వేసి, పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఫ్రిజ్ తెరిచింది. అక్క పోయాక పెరుగు మానేసిన ఇల్లు అది. ఒక్క చెంచా కూడా లేదు. చేతిలో చిన్న గిన్నెతో కాసేపు అలాగే నిలబడి, వెళ్ళి ఎదురింటి బెల్లు కొట్టింది.

ఎదురింటావిడ దగ్గుకుంటూ తలుపు తీసింది. "ఏంటి డాక్టరమ్మా, ఇలా వచ్చారు?"

"కాస్త తోడు ఉంటే ఇస్తారా?"

ఆవిడ గిన్నె అందుకుంది. "దానికేం భాగ్యం. ఒక్క చెంచా చాలా?"

చాలు అందామనుకుంది మేడం. ఏడాదిన్నరగా అందరితోనూ అలాంటి మాటే అంటూ వచ్చింది. ఈసారి నోరు రాలేదు.

"చాలదండీ" అంది.